మిర్చి లేని మంట

పోయిన వారం మనం ఆగిన చోటు నవ్వాలో ఏడవాలో తెలియని చోటు. రేగొండ దిక్కు నుంచి వచ్చిన ముసలి చుట్టం ఒకావిడ నీలి మెడ పట్టుకుని, నీలి మొగుడు దేవ్యా చనిపోయాడనుకుని రాగం తీసి ఏడుస్తుంటే, ఆ దేవ్యాయే నెత్తిన గడ్డిమోపుతో వాకిట్లోకి నడిచి వచ్చాడు. చుట్టాన్ని తప్పు పట్టలేం. లంబాడీ ఆడమనిషి మొగుడు బతికే ఉన్నాడనడానికి గుర్తు, చెంపల పక్కన జుట్టులో అల్లుకుని వేలాడే వెండి టోప్లి. నీలి చెంపల పక్కన అది లేదు. లేకపోవడానికి కారణం, అల్లుకోవడానికి జుట్టు లేకపోవడం. క్యాన్సరు మందు రెండోసారి ఎక్కించాక అది గుప్పిళ్లతో ఊడి వచ్చింది. ఆ సంగతి విడమర్చి చెప్పి చుట్టానికి మంచినీళ్లిచ్చేసరికి తండా తండా నవ్వింది. దేవ్యా కూడా నవ్వాడు. నీలి నవ్వలేదు. ఆ రోజు నుంచి వాకిలి దాటలేదు.

ఈ వారమే మన కథలో అడుగు పెడుతున్నవాళ్లకు ఇంకో నాలుగు మాటలు చెప్పాలి. నీలికి యాభై ఎనిమిదేళ్లు. దంతాలపల్లి అవతల తండా. ముప్పై ఏళ్లుగా మిర్చి ఏరే గుంపుకు ఆమె మేస్త్రీ. ముప్పై మంది ఆడవాళ్లు ఆమె వెనక నడుస్తారు. పోయిన ఎండాకాలం ఆమె కడుపు ఉబ్బింది. అండాశయంలో పుట్టిన క్యాన్సరు అప్పటికే కడుపంతా పాకింది. దీన్ని పూర్తిగా తీసెయ్యలేమని, కాకపోతే మందుతో కొంతకాలం అదుపులో పెట్టగలమని పట్నం డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. మూడు వారాలకొకసారి సెలైన్లో కలిపి ఎక్కించే ఆ మందు నాలుగుసార్లు అయింది. ఐదోది వచ్చే సోమవారం.

ఇవాళ గురువారం. పొద్దున పదిన్నరకు జిల్లా దవాఖాన తెల్ల వ్యాను తండా మలుపులో ఆగింది. అందులోంచి దిగిన నర్సు శ్రీలతది రఘునాథపల్లి. ముదిరిన జబ్బులున్నవాళ్ల ఇళ్లకు పోయి, నొప్పి ఎంతుంది, తిండి పోతుందా, నిద్ర పడుతుందా అని కనుక్కుని, అక్కడికక్కడ చేయగలిగింది చేసి, మిగతాది డాక్టరుకు చెప్పడం ఆమె ఉద్యోగం. నీలి ఇంటికి ఇదే మొదటిసారి రావడం.

వ్యాను చప్పుడు వినగానే నీలి ఇంట్లో ఉన్న ఇద్దరు మగవాళ్లకు హుకుం జారీ చేసింది. నర్సు అడిగేవన్నీ తననే అడుగుతుందని, చెప్పేవన్నీ తానే చెప్తానని, మధ్యలో ఎవరైనా నోరు పెడితే ఊరుకునేది లేదని. కొడుకు ప్రేమ్‌సింగ్ తలూపాడు. అతను భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కింద డంపర్ నడుపుతాడు. తల్లిని సోమవారం పట్నం తీసుకుపోవడానికి సెలవు పెట్టి వచ్చాడు. ఇక దేవ్యాకు నోరు మూసుకోమని చెప్పడం చేపకు ఈత నేర్పడమే. ఆయన మాట్లాడితే తండాలో అదొక వార్త. గడప పక్కన కూర్చుని, రాబోయే పంట కోసం పాత గోనె బస్తాల చిరుగులు కుడుతున్నాడు. చేతిలో జానెడు దబ్బనం.

శ్రీలత గడప దగ్గర చెప్పులు విడుస్తూ ఒక క్షణం ఆగింది. పక్కన నీలి చెప్పులున్నాయి. మామూలు హవాయి చెప్పులే, కానీ ఒక్కోదానికి వెనక మడమ మీదుగా గోనె పురికొసతో గట్టి పట్టీ కుట్టి ఉంది. చిన్నపిల్లల చెప్పులకు ఉంటుందే, అలా. ఆమె లోపలికి వచ్చి కూర్చుంది.

నీలి గోడకు ఆనుకోలేదు. మంచం మీద నిటారుగా కూర్చుని, నెత్తి మీద అద్దాలు కుట్టిన ముసుగు గుడ్డ, టుక్రి, నుదుటి దాకా కప్పుకుంది. ముఖం చిక్కిపోయినా చూపు మేస్త్రీదే. వచ్చిన పిల్ల పని తెలిసినదేనా, కాదా అని కళ్లతోనే తూచింది.

శ్రీలత దగ్గర ఒక కాగితం ఉంది. దాని నిండా ప్రశ్నలు. ఒక్కోదానికి లేదు, కొంచెం, బాగా, చాలా అనే నాలుగు జవాబుల్లో ఒకటి చెప్పాలి. అన్నం పోతుందా అంటే పోతోందంది నీలి. వాంతులున్నాయా అంటే లేవంది. నోట్లో పుండ్లు లేవు. నిద్ర బ్రహ్మాండం. నీరసమా, అదెట్లుంటదో తనకు తెలియదు. ఇలా ఒక్కో ప్రశ్నకూ కాగితం మీద 'లేదు' దగ్గర టిక్కు పడుతూ పోయింది. ఆ కాగితాన్ని నమ్మితే దంతాలపల్లి మండలం మొత్తంలో నీలి అంత ఆరోగ్యవంతురాలు లేదు.

ఆమె అబద్ధాలకోరు కాదు. అలా అని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. ముప్పై ఏళ్లుగా ఆమె ఒక పద్ధతికి కట్టుబడి బతికింది. చేన్లో మేస్త్రీ నడుం పట్టుకుని నిలబడితే వెనక ముప్పై నడుములు నొస్తాయి. మేస్త్రీ ఎండ ఎక్కువుందంటే గుంపు గట్టెక్కి కూర్చుంటుంది. అందుకని ఎవరు ఎట్లున్నావని అడిగినా మంచిగనే ఉన్న అనడం ఆమెకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. పురుటి నొప్పులతో కూడా ఒక సాలు పూర్తిచేసి మరీ గట్టెక్కిందని తండాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పుట్టినవాడే ఈ ప్రేమ్‌సింగ్.

ప్రేమ్‌సింగ్ చాయ్ తెచ్చాడు. పొయ్యి మీంచి అప్పుడే దించి స్టీలు గ్లాసుల్లో పోశాడు. శ్రీలత ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది, చున్నీ అంచు చుట్టి పట్టుకుంది. నీలి మాత్రం గ్లాసును గుప్పిట్లో నిండుగా పట్టుకుని ముచ్చట చెబుతూనే ఉంది. మాటల్లో పడి తాగడం మరిచింది, గ్లాసు మాత్రం వదల్లేదు. శ్రీలత ఆ గుప్పిటనే చూస్తూ తర్వాతి ప్రశ్న అడిగింది.

"చేతులు, కాళ్లు ఏమన్న మండుతున్నయా అవ్వా? తిమ్మిర్లు?"

నీలి నవ్వింది. "మిర్చి ఏరే చేతులు బిడ్డా. మండకపోతే పరేషాన్ కావాలె గని, మండితే ఏముంది?"

ఈ మాట దగ్గర మనం కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ నీలి ఒక్కతే కాదు, తండా మొత్తం పొరబడింది. మిర్చి ఏరేవాళ్ల చేతులు పంట కాలమంతా మండుతూనే ఉంటాయి. ఆ కారం చర్మంలోకి ఇంకి ఉండిపోతుందని, ఒంట్లో వేడి చేసినప్పుడల్లా పైకి లేస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే రెండోసారి మందెక్కిన తర్వాత నీలి వేళ్లు మండుతుంటే ఎవరూ వింత పడలేదు. గుంపులో ఆమె తర్వాతిదైన సోమ్లీ రోజూ చల్ల తెచ్చి చేతులకు రుద్దింది. ఆముదం రాసింది. మంట తగ్గకపోతే ఈసారి మిర్చి ఘాటు అట్లాంటిదని సర్దిచెప్పింది. డాక్టరుకు చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మిర్చి మంటకు పట్నం డాక్టరు ఎందుకు?

శ్రీలత కలం కింద పెట్టింది. తల్లి పత్తి ఏరి పెంచిన పిల్ల, చేతుల సంగతి తెలియనిది కాదు. ఈ మధ్య మిర్చి ముట్టుకున్నావా అని అడిగింది. పోయినేటి తాలుకాయ బస్తా ఒకటి ఇంట్లో ఉందని, పొద్దుపోక దాన్ని ఏరుతున్నానని నీలి తడుముకోకుండా చెప్పింది.

గడప దగ్గర దబ్బనం ఆగింది.

"ఏ బస్తా?" అన్నాడు దేవ్యా.

ఇంట్లో ముగ్గురూ అటు తిరిగారు. దేవ్యా తల ఎత్తలేదు, ఒళ్లోని గోనె వైపే చూస్తూ మళ్లీ అన్నాడు. "ఆ బస్తా వానలు పడకముందే అమ్మిన. మూతి నేనే కుట్టిన. కూరలకు తప్ప ఈ ఇంట్ల మిర్చి లేదు. చేన్ల ఇంక కాయ పండనే లేదు."

"నిన్ను మాట్లాడొద్దంటి గదా," అంది నీలి.

"అంటివి. నెల దినాల సంది మాట్లాడలే." ఇప్పుడు తలెత్తాడు. "నెల కింద నల్లా కాడికి పోయినవు. ఒక చెప్పుతోటే తిరిగొచ్చినవు. రెండోది ఊడినట్టు నీకెర్క లేదు. మడమల గాజుపెంకు దిగింది, గదీ ఎర్క లేదు. వాకిట్ల రక్తం బొట్లు నేను తుడిచిన. నీళ్లు పోసుకునేటప్పుడు నువ్వు పెంకు తీసి బయట పారేసినవు, నేను సూసిన. చెప్పు నల్లా కాడ దొరికితే తెచ్చి పెట్టి, మళ్ల ఊడకుండ పట్టీ కుట్టిన."

నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదలు. చెప్పడం అయిపోయాక తన మాటలకు తానే ఇబ్బంది పడ్డట్టు గోనెను అటూ ఇటూ సర్దుకున్నాడు.

నీలి ముఖం ఎర్రబడింది. తెలిసినవాడివి నెల రోజులు ఎందుకు అడగలేదని గద్దించింది. నువ్వెందుకు చెప్పలేదని ఆయన మెల్లగా అడిగాడు. చెప్పులకు పట్టీలు మొలవడం ఆమె కూడా చూసింది. ఎవరు కుట్టారో, ఎందుకు కుట్టారో ఆమెకు తెలుసు. ఒకరు దాస్తున్నారు, ఇంకొకరు చూసి దాస్తున్నారు, ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు.

చేతుల మంట మిర్చిదేనని మొదట ఆమె నిజంగానే నమ్మింది. కానీ అరికాళ్లు కూడా మండటం మొదలైననాడు ఆమెకు అర్థమైపోయింది. అరికాళ్లతో ఎవరూ మిర్చి ఏరరు. ఆ తర్వాత మంట పోయి మొద్దుబారడం మొదలైంది. అప్పటి నుంచి దాస్తూ వచ్చింది.

ఆ మందుకు నరాల చివర్లు దెబ్బతింటాయని, అందుకే వేళ్లూ పాదాలూ ముందు మండి తర్వాత మొద్దుబారుతాయని శ్రీలత నిదానంగా చెప్పింది. ఎంతవరకు వచ్చిందో చూడాలి, కళ్లు మూసుకుంటే దూదితో తాకి పరీక్షిస్తానంది. నీలికి రోషం వచ్చింది.

"దూది ఎందుకు? మిర్చి తే," అంది కొడుకుతో. "తొడిమ ఉన్నయి కొన్ని, ఊడినయి కొన్ని. నా ఏళ్లకు తెలుస్తదో లేదో సూద్దాం."

నీలి గుంపు ఏరిన కాయకు తొడిమ ఊడదని మహబూబాబాద్ దాకా పేరుంది. తొడిమ ఊడితే గింజ రాలుతుంది, కాయ విలువ పడిపోతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆమె కళ్లకు గుడ్డ కట్టి నేర్పేది. గోరు ఎక్కడ ఆనించాలి, ఎంత తిప్పితే కొమ్మ నుంచి కాయ ఒప్పుకుని వస్తుంది, ఇవన్నీ కంటికి కాదు, వేలికి తెలియాలనేది.

ప్రేమ్‌సింగ్ వంటింట్లోంచి గుప్పెడు ఎండుమిర్చి తెచ్చాడు. నీలి కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. శ్రీలత ఒక కాయ ఆమె వేళ్ల మధ్య పెట్టింది. నీలి దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి ఉన్నదంది. రెండోది పెట్టింది. ఉన్నదంది. మూడోదానికి చాలాసేపు తీసుకుంది, వేళ్లను గట్టిగా ఒత్తింది, కాయ నలిగి గింజలు ఒళ్లో రాలాయి. ఇది లేదంది. ఆ తర్వాత కళ్లు తెరిచింది.

మొదటి రెండింటికీ తొడిమ లేదు. మూడోదానికి ఉంది, కాకపోతే కాయే మిగల్లేదు.

ఒళ్లో రాలిన గింజల్ని ఆమె ఒక్కొక్కటే ఏరడానికి ప్రయత్నించింది. అవి వేళ్లకు అందలేదు. దేవ్యా లేచి వచ్చి వాటిని అరచేత్తో ఊడ్చి తీసుకుపోయాడు. ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు నీలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. క్యాన్సరని చెప్పిననాడు కూడా ఏడవని మనిషి. జుట్టు ఊడినప్పుడు దాన్ని ఊడ్చి పారేసింది. వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె తట్టుకోలేకపోయింది.

"ఇగ మందు బంద్ చేస్తరు. గంతే గదా," అంది.

అసలు భయం ఇప్పుడు బయటపడింది. చెబితే మందు తగ్గిస్తారు, తగ్గించారంటే ఇక లాభం లేదని వదిలేశారన్నట్టే. ఆమె ఇన్నాళ్లూ నోరు కట్టేసుకున్నది అందుకే. గోడకు ఆనుకుని నిలబడ్డ ప్రేమ్‌సింగ్ ముందుకు వచ్చాడు. లంబాడీలో తల్లిని యాడి అంటారు. నర్సు ముందు తెలుగులోనే మాట్లాడుతున్నా ఆ ఒక్క పిలుపు మాత్రం మారదు.

"రాయకు సిస్టర్ అదంత," అన్నాడు. "మందు ఎంతుందో అంత పడాలె. చేతులు పోతే పోనీ యాడీ. నేను తినిపిస్త. మనిషివి ఉంటే చాలు నాకు."

అతని గొంతులో ప్రేమ తప్ప ఇంకోటి లేదు. అది నీలికీ తెలుసు. అయినా కొడుకును కింది నుంచి పై దాకా చూసింది.

"చేతులు పోయినాక ఉండే మనిషి ఎవరు బిడ్డా?" అంది. "ఆమె నాకు తెల్వదు. నీకు తెలుసా?"

శ్రీలత తొందరపడలేదు. ఎదురుగా ఉన్నది ముప్పై ఏళ్లు పంటను చూసిన మనిషి అని ఆమెకు గుర్తుంది. మిర్చికి తెగులు పట్టినప్పుడు రైతు తొందరపడి మందు ఎక్కువ కొడితే ఏమవుతుందని మాత్రం అడిగింది.

ఆ తప్పు మీద నీలి ఎంతమంది రైతులను చేన్లోనే దులిపేసిందో లెక్కలేదు.

"ఆకు మాడుతది," అంది. "పూత రాలుతది. తెగులు పోయినా చెట్టు కాయదు."

"మరి?"

"మరి ఏంది. తగ్గించి కొట్టాలె. లేకుంటే మందు మార్చాలె. చేను ఇడిసిపెట్టి పోతరా ఎవరన్న?"

చెప్పాక తన మాట తన చెవిన పడింది. పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. ఈ పిల్ల గట్టిదే అన్నట్టు శ్రీలత వైపు చూసింది.

శ్రీలత లేనిపోని ఆశలు పెట్టలేదు. వేళ్లు మళ్లీ మునుపటిలా అవుతాయని తాను మాట ఇవ్వలేనంది. ఇప్పుడైనా చెబితే ఇంకా పోకుండా ఆపవచ్చు, కొంత తిరిగి రావచ్చు. దాచిపెట్టి ఇంకో రెండుసార్లు ఇదే మోతాదు ఎక్కిస్తే మాత్రం నడకే పోవచ్చు. మందు తగ్గించడమంటే మనిషిని వదిలేయడం కాదు, మనిషి మిగలాలనే తగ్గిస్తారు. ఇంత చెప్పి, కాగితాన్ని పక్కన పెట్టి, అందులో లేని ప్రశ్న ఒకటి అడిగింది. అవ్వా, నీకేం చెయ్యాలనుంది?

ఆ మాట నీలిని ఎవరూ అడగలేదు. డాక్టర్లు కడుపు గురించి అడిగారు, కొడుకు మందు గురించి, చుట్టాలు జుట్టు గురించి. ఆమె గడప అవతల చేన్ల వైపు చెయ్యి చూపింది.

"ఇంకో నెలకు కాయ పండుతది. నా గుంపుల మొదటి సాలు మేస్త్రీ ఏరాలె. మొదటి గుప్పెడు తెంపి కొంగున ముడేసుకున్నంకనే ఎనుకటోళ్లు చేన్ల కాలు పెడతరు. ముప్పై ఏండ్ల సంది గదే రివాజు. చేను మొత్తం నాకొద్దు బిడ్డా. ఒక్క సాలు. ఎవరి చెయ్యి పట్టకుండ నా కాళ్ల మీద నేను నడవాలె. ఒక్క కాయ తొడిమ ఊడొద్దు. నెత్తికి నా టోప్లి ఉండాలె. అదయినంక మీ ఇష్టం, మీ డాక్టర్ ఇష్టం."

శ్రీలత ఆ మాటల్ని కాగితం వెనక వైపు రాసుకుంది. రాస్తుండగా నీలి చెయ్యి చాపి కాగితాన్ని ముందు వైపుకు తిప్పింది. మొత్తం కొట్టేసి మళ్లీ మొదటి నుంచి అడగమంది.

"కొంచెం, బాగ అంటే నాకు కుదరదు," అంది. "పది సాళ్ల చేను అనుకో. ఎన్ని సాళ్లు చెడిందో చెప్త, నువ్వు రాసుకో."

అలా చెప్పుకుంటూ పోయింది. ఆ చెప్పడం చూసి తీరాలి. ముక్కడం లేదు, మూలగడం లేదు. పొద్దుగూకే వేళ గట్టు మీద నిలబడి ఎవరి సాలు ఎంత అయిందో ఆసామికి అప్పజెప్పే మేస్త్రీ గొంతు అది. చేతులు ఏడు సాళ్లు. కాళ్లు ఎనిమిది. అన్నం రెండు ముద్దలు పోతుంది, మూడోది దేవ్యా చూస్తున్నాడని తింటుంది, వెనక్కి పోయి కక్కుతుంది. నోట్లో పుండ్లు మూడు సాళ్లు. నీళ్లు ఇనుము నాకినట్టు ఉంటాయి. నోట్లో కారం తెలియక నెల దాటింది. మిర్చి మేస్త్రీకి కారం తెలియకపోవడం ఎక్కడైనా ఉందా అని మధ్యలో తానే నవ్వింది. మలబద్ధకం దగ్గరికి వచ్చేసరికి ప్రేమ్‌సింగ్‌ను మేకకు నీళ్లు పెట్టి రమ్మని బయటికి పంపింది. దేవ్యాను పంపలేదు. చివరికి భయం ఉందా అనే ప్రశ్న వచ్చింది.

"సచ్చుడంటే భయం లేదంటే అబద్ధం," అంది. "నాలుగు సాళ్లు రాసుకో. కూసోబెట్టి ముద్దలు పెడతరేమో అని భయం. దానికి పది."

శ్రీలత పది అనే రాసింది. ఈసారి కాగితం మీద ఒక్క ప్రశ్నకు కూడా 'లేదు' దగ్గర టిక్కు పడలేదు. పొద్దున్నుంచి చూసిన రెండు నీలిల్లో ఈవిడే బలవంతురాలని శ్రీలతకు అనిపించింది. నాకూ అలాగే అనిపిస్తుంది. మంచిగున్న అనడానికి అలవాటు చాలు. బాగాలేదని వెన్ను వంచకుండా చెప్పడానికే నీలి అంతటి మనిషి కావాలి.

నోటి పుండ్లకు, మలబద్ధకానికి, వాంతులకు ఉన్న మందులు శ్రీలత అక్కడే సంచిలోంచి తీసి ఇచ్చింది. వేళ్ల సంగతి తన చేతిలో లేదు. సిగ్నలు కోసం మలుపు దాకా పోయి డాక్టరుతో మాట్లాడి వచ్చింది. వచ్చేటప్పుడు ముఖం తేటగానే ఉంది. ఇదే మోతాదు మాత్రం ఇక వద్దన్నాడట డాక్టరు. తగ్గించాలా, వేరే మందుకు మార్చాలా అన్నది మొన్న తీసిన కడుపు స్కాను చూసి తేలుస్తానన్నాడట.

"స్కాను రిపోర్టు ఇంక రాలేదన్నడు గదా మావోడు," అంది నీలి.

శ్రీలత తడబడింది. "వచ్చిందంట అవ్వా. పోయిన శుక్రవారమే ఫోన్‌కు పంపినమని అంటున్నరు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ప్రేమ్‌సింగ్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. ఫోన్ అక్కడే ఉంది. ఆరు రోజులుగా అక్కడే ఉంది. భూపాలపల్లిలో డంపర్ నడిపినప్పుడూ ఉంది, ఇంటికి వచ్చి తల్లి పక్కన కూర్చుని రిపోర్టు ఇంకా రాలేదని చెప్పినప్పుడూ ఉంది. మంచిగున్న అనే అలవాటు ఈ ఇంట్లో ఒక్కరిదే కాదు.

నీలి అరుస్తుందనుకున్నారు అందరూ. ఆమె అరవలేదు. మంచం కింది నుంచి రేకు డబ్బా లాగి, మూత తీసి, మెత్తటి గుడ్డలో చుట్టిన టోప్లి జత బయటికి తీసింది. నెత్తి మీది టుక్రి తీసి ఒళ్లో పరుచుకుంది. పరాయి మనిషి ముందు ఆమె తల బోడిగా కనిపించడం అదే మొదటిసారి. దాన్ని కప్పుకోవాలన్న ఆదుర్దా ఆమె ముఖంలో లేదు.

"జుట్టుకే అల్లాలని ఏడ రాసి లేదు," అంది మొగుడితో. "నీ దబ్బనం పట్టుకుని ఇట్ల రా. ఈడ ఒకటి, ఈడ ఒకటి. చెంపల కాడికి రావాలె."

దేవ్యా వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. బస్తాల మూతులు కుట్టిన చేతులు. దబ్బనం ఆ గుడ్డకు మరీ పెద్దది. ఎర్ర దారం ఎక్కించి, అద్దాల మధ్య సందు వెతికి, టోప్లి కొక్కేన్ని టుక్రి అంచుకు కుట్టసాగాడు. తాను బతికే ఉన్నానని చెప్పే గుర్తును తానే కుడుతున్నాడు. ఒక్కో కుట్టూ రెండుసార్లు వేశాడు. పళ్లతో దారం కొరికి, గట్టిగా లాగి చూశాడు. ఆయన కుట్టిన మూతి విప్పుకోవడం మార్కెట్లో ఎవరికీ ఇంతవరకు చేతకాలేదు.

నీలి టుక్రి తల మీద వేసుకుంది. రెండు చెంపల పక్కన వెండి వేలాడింది. తల కదిలిస్తే చిన్నగా మోగింది. ఆమె వేళ్లకు అది తెలియలేదు గాని చెవులకు తెలిసింది. వీపు ఇంకొంచెం నిటారు చేసి కొడుకు వైపు తిరిగింది.

"నేను దాసింది నేను చెప్పిన," అంది. "మీ బాపు దాసింది మీ బాపు చెప్పిండు. ఇగ నీ వంతు. మొదటి అక్షరం కాంచి చదువు, నడుమ ఒక్క మాట ఇడిసినా నాకెరుకైతది."

ప్రేమ్‌సింగ్ జేబులోంచి ఫోన్ తీశాడు. తెర మీద వేలు పెట్టాడు. అతని వేళ్లకు ఏ జబ్బూ లేదు. అయినా మూడుసార్లు నొక్కితే గాని ఆ రిపోర్టు తెరుచుకోలేదు.